ఎడమకాలి పక్షాన ఒక మాట

ఏలూరు నుంచి కైకలూరు వెళ్ళే బస్సులో ఎప్పుడైనా ముందు సీటు దొరికితే, కొల్లేటి కొంగల్ని చూడటం కాసేపు ఆపి డ్రైవరుగారి ఎడమకాలిని చూడండి. స్టీరింగు తిప్పే చేతుల్ని అందరూ చూస్తారు. హారన్ మోత అందరూ వింటారు. ఎడమకాలిని మాత్రం ఎవరూ పట్టించుకోరు. కానీ దానికి తీరిక తక్కువ. బస్సు ఆగాలంటే క్లచ్ తొక్కాలి. కదలాలంటే తొక్కాలి. గేరు మార్చాలంటే తొక్కాలి. గేదెల మంద అడ్డం వస్తే మళ్ళీ తొక్కాలి.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక డ్రైవరు రోజుకు 100 చోట్ల బస్సు ఆపుతాడనుకోండి. ఆగి, కదిలి, గేర్లు మార్చేసరికి ఒక్కో చోట నాలుగుసార్లు క్లచ్ తొక్కాలి. అంటే 400 సార్లు. ఒక్కోసారి 15 కిలోల బలం కావాలనుకుంటే మొత్తం 6,000 కిలోలు. మన వైపు ధాన్యం బస్తా 75 కిలోలు కదా! 6,000 కిలోలంటే 80 బస్తాలు. నిజమే, బస్తాను భుజానికెత్తినట్టు పెడల్‌ని ఎవరూ ఎత్తరు. జానెడు కన్నా తక్కువ దూరమే నొక్కుతారు. అయినా అదంతా ఒక్క కాలు, ఒక్క మోకాలు, ఒక్క రోజులో చేసే పని. తాడేపల్లిగూడెం నుంచి బియ్యం తీసుకెళ్ళే లారీలకు, కొల్లేటి చేపలను ఐసులో పెట్టుకుని కలకత్తా దాకా పోయే లారీలకు కూడా ఇదే లెక్క.

"క్లచ్ మరీ బరువుగా ఉందండీ" అని ఎవరైనా అంటే, "అలవాటైపోతుందిలే" అనే జవాబు వినిపిస్తుంది. కొత్తగా నేర్చుకునే ఆడపిల్ల అంటే, "ఇది నీ వల్ల అయ్యే పని కాదమ్మా" అంటారు. నా ఉద్దేశంలో ఈ రెండూ సైన్సు తెలిసినవాళ్ళు చెప్పవలసిన జవాబులు కావు. ఉన్నట్టుండి బరువెక్కిన క్లచ్ కాలి బలహీనతకు గుర్తు కాదు. అది యంత్రం చేసే ఫిర్యాదు. ఫిర్యాదు వస్తే ఏం చేయాలి? కొలవాలి, కారణం వెతకాలి.

ముందు క్లచ్ చేసే పనేమిటో చూద్దాం. ఇంజను ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. చక్రాలు ఆగాలి, కదలాలి. ఈ రెంటినీ కలపటానికీ విడదీయటానికీ మధ్యలో ఒక పళ్ళెం ఉంటుంది. దాన్ని ఇంజను వైపున్న ఫ్లైవీల్‌కి ప్రెషర్ ప్లేటు గట్టిగా అదిమి పట్టుకుంటుంది. చిన్న కారులో కూడా ఈ అదుము కొన్ని వందల కిలోలుంటుంది. అంత లేకపోతే పళ్ళెం జారిపోతుంది. మనం పెడల్ తొక్కినప్పుడు ఆ అదుమును స్ప్రింగుకు ఎదురుగా వెనక్కి లాగుతాం. అప్పుడు పళ్ళెం విడిపోతుంది.

వందల కిలోల స్ప్రింగును మన కాలు ఎలా కదిలిస్తోంది? మీరు చదువుకున్న తులాదండం వల్లనే. పొలంలో ఏతాం, బావి దగ్గర గిలక, ఇక్కడ పెడల్, అన్నీ చుట్టాలే. లోపల 150 కిలోల బలం కావలసిన చోట పెడల్, దాని తర్వాతి మీటలు కలిసి బలాన్ని పదిరెట్లు పెంచితే కాలు 15 కిలోలు నొక్కితే చాలు. అయితే తులాదండం దేన్నీ ఊరికే ఇవ్వదు. బలం పదోవంతుకు తగ్గితే దూరం పదిరెట్లవుతుంది. లోపల ఒక సెంటీమీటరు కదలటానికి కాలు పది సెంటీమీటర్లు కదలాలి.

కనుక "మీట పొడుగు పెంచితే సరి, క్లచ్ తేలికైపోతుంది" అనే ఉపాయాన్ని వెంటనే నమ్మకండి. తేలికవుతుంది, నిజమే. కానీ పెడల్ నేలకు తగిలే దాకా తొక్కినా పళ్ళెం పూర్తిగా విడిపోకపోవచ్చు. అప్పుడు గేరు వేస్తే కరకరమంటుంది. తేలిక కోసం బలహీనమైన స్ప్రింగు వేసినా అంతే. బరువు ఎక్కినప్పుడు పళ్ళెం జారి, వేడెక్కి కాలిపోతుంది. స్ప్రింగు బలం యంత్రానికి అవసరం. దాన్ని తగ్గించే హక్కు మనకు లేదు.

మరి తగ్గించగలిగింది ఏమిటి? రాపిడి. మీ పుస్తకాల భాషలో ఘర్షణ. అది పళ్ళెం దగ్గర ఉండాలి, ఇంకెక్కడా ఉండకూడదు. నా వాదన అంతా ఈ ఒక్క మాటలో ఉంది.

చాలా కార్లలో పెడల్‌కీ క్లచ్‌కీ మధ్య ఉక్కు తీగల కేబుల్ ఉంటుంది. 1983 నుంచి 2014 వరకు తయారైన మారుతి 800లో ఉన్నది అదే. ఈ కేబుల్ తిన్నగా పోదు, ఒక గొట్టంలో వంపులు తిరుగుతూ పోతుంది. వంపు దగ్గర తీగ గొట్టాన్ని ఒరుసుకుంటుంది. దీని సంగతి కొల్లేటి పడవవాళ్ళకు బాగా తెలుసు. రేవులో గుంజకు తాడు ఒక చుట్టు చుట్టి కొస పట్టుకుంటే చాలు, పెద్ద పడవ కూడా నిలుస్తుంది. ఘర్షణ గుణకం 0.3 అయితే, ఒక్క చుట్టుకే పట్టు ఆరు రెట్లకు మించి పెరుగుతుంది. ఈ లెక్కకు సూత్రం రాసింది 18వ శతాబ్దపు గణితవేత్త ఆయిలర్. గుంజ దగ్గర మనకు మేలు చేసిన ఈ సూత్రమే కేబుల్ దగ్గర మన కాలికి శత్రువవుతుంది.

కేబుల్ వంపులన్నీ కలిపి అర చుట్టు అనుకోండి. అవతలి కొసన 30 కిలోల లాగుడు కావాలి. గొట్టం లోపల నున్నగా ఉండి గుణకం 0.1 అయితే, ఇవతల 41 కిలోలతో లాగాలి. తేమకు తుప్పుపట్టి గుణకం 0.2 అయితే 56 కిలోలు కావాలి. స్ప్రింగు అదే, మీట అదే. పెరిగిన 15 కిలోలూ రాపిడి తినేసినవే. కొల్లేటి గాలిలో తేమకు కొదవ లేదు కనుక ఈ మాట మన జిల్లాల వాళ్ళు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. కాలు తీస్తున్నప్పుడు రాపిడి దిక్కు మారుతుంది. అప్పుడు నున్నటి కేబుల్ ఇవతలి కొసను 22 కిలోలతో లాగుతుంది. తుప్పుపట్టినది 16 కిలోలతోనే లాగుతుంది. అంటే తొక్కటానికీ తీయటానికీ మధ్య తేడా మొదటిదాంట్లో 19 కిలోలు, రెండోదాంట్లో 40 కిలోలు. ఈ తేడా పెరిగేకొద్దీ కాలికి కబురు అందదు.

కాలికి కబురేమిటంటారా? కొల్లేట్లో దోనె నడిపేవాళ్ళు గెడ వేసినప్పుడు అడుగున బురద ఎంత లోతో, గట్టి నేల ఎక్కడ తగిలిందో చేతికే తెలుస్తుంది. నీళ్ళలోకి తొంగి చూడక్కరలేదు. గెడ బలాన్ని కిందికి పంపుతుంది, కబురును పైకి తెస్తుంది. క్లచ్ పెడల్ కూడా అంతే. పళ్ళెం ఫ్లైవీల్‌ని అంటుకోవటం మొదలుపెట్టే చోటును కాలు గుర్తుపట్టాలి. అది మెల్లగా అంటుకోవాలనే పళ్ళెం రెండు పొరల మధ్య అలలుగా వంచిన పలుచని ఉక్కు రేకులు పెడతారు. తుప్పు కేబుల్ ఆ మెత్తని కబురును మింగేస్తుంది. బండి ఎగిరిపడుతుంది, ఇంజను ఆగిపోతుంది. వెనకవాళ్ళు హారన్ కొడతారు. తప్పు కేబుల్‌ది, తిట్లు నేర్చుకునేవాళ్ళకి!

కనుక మంచి క్లచ్ అంటే అతి తేలికైన క్లచ్ కాదు. అనవసరపు బరువు లేకుండా, కబురు చెప్పే క్లచ్. పెడల్‌కు తొక్కటంలో సాయపడే స్ప్రింగు తగిలించే పద్ధతి ఉంది. అది కాలి శ్రమ తగ్గిస్తుంది కానీ రాపిడిని తీసెయ్యదు. నూనెతో పనిచేసే హైడ్రాలిక్ క్లచ్‌లో పాస్కల్ సూత్రం వల్ల వంపుల బెడద ఉండదు. అయితే అందులో గాలి బుడగ చేరితే పెడల్ స్పాంజిలా మెత్తబడుతుంది. గాలి నొక్కుకుపోతుంది, ద్రవం నొక్కుకుపోదు కదా!

క్లచ్ బరువెక్కటానికి మరో కారణం కూడా ఉంది. ఇప్పటి కార్లలో స్ప్రింగు చుట్టల తీగ కాదు, పళ్ళెంలా వంచిన ఉక్కు రేకు. దాని గుణం చిత్రమైనది. నొక్కేకొద్దీ ఎదురుబలం పెరిగి, ఒక శిఖరం దాటాక తగ్గుతుంది. ఈ రకం రేకు స్ప్రింగుల లెక్కను 1936లో ఆల్మెన్, లాజ్లో అనే ఇంజనీర్లు సూత్రంగా రాశారు. క్లచ్ పళ్ళెం అరిగేకొద్దీ ఈ రేకు తన శిఖరం వైపు జరుగుతుంది, పెడల్ బరువెక్కుతుంది. అంటే ఒక్కోసారి ఆ బరువు "పళ్ళెం మార్చే వేళయింది" అని చెబుతున్నదన్నమాట. దీన్ని "అలవాటైపోతుందిలే" అని తోసేస్తే, నడిరోడ్డు మీద, అందులోనూ కొల్లేరు పొంగి రోడ్డు మీదికి నీరొచ్చిన రోజున, బండి ఆగిపోవచ్చు.

అందుకని నా సూచన ఇది. టైర్లలో గాలి కొలిచినట్టే ప్రతి షెడ్డులోనూ పెడల్ బలాన్ని కొలవాలి. పెద్ద యంత్రాలేమీ అక్కరలేదు, తగిన స్ప్రింగు త్రాసు ఉంటే చాలు. బండి కొత్తదిగా ఉన్నప్పుడు ఎంత, ఆరు నెలల తర్వాత ఎంత అని పుస్తకంలో రాసుకోవాలి. అంకె పెరిగితే కేబుల్, మీటల కీళ్ళు, బేరింగు, పళ్ళెం వరుసగా చూడాలి. కేబుల్‌కి నూనె వేయాలా, మార్చాలా అన్నది బండి పుస్తకం చూసి నిర్ణయించాలి. లోపల ప్లాస్టిక్ పొర ఉన్న కొన్ని కేబుళ్ళకు నూనె పనికిరాదు. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి నిట్ ఉంది. ఏలూరులో ఇంజనీరింగు కాలేజీ ఉంది. ఆ విద్యార్థులు ఏడాదికి ఒకరోజు షెడ్లలో కూర్చుని ఈ కొలతలు తీస్తే మెకానిక్కులకు అంకెలు దొరుకుతాయి, విద్యార్థులకు చేతిపని వస్తుంది.

"కరెంటు కార్లు వస్తున్నాయి, వాటికి క్లచ్ పెడలే ఉండదు. ఇంకా ఈ గొడవెందుకు?" అనవచ్చు మీరు. మంచి ప్రశ్నే. కానీ ఇప్పుడున్న లారీలు, ట్రాక్టర్లు, పాత కార్లు రేపటికి మాయం కావు. వాటిని నడిపేవాళ్ళ మోకాళ్ళు అంతదాకా ఆగవు.

మీరూ ఒక ప్రయోగం చేయవచ్చు. ఒక కిలో రాయిని నైలాను తాడుకు కట్టండి. తాడును అడ్డంగా బిగించిన ఇనుప గొట్టం మీద నుంచి వేసి, రెండో కొసను స్ప్రింగు త్రాసుతో మెల్లగా కిందికి లాగండి. రాయి లేస్తున్నప్పుడు అంకె రాయండి, మెల్లగా దించుతున్నప్పుడు అంకె రాయండి. గొట్టానికి కాస్త సబ్బు రాసి మళ్ళీ చేయండి. రెండు అంకెల మధ్య తేడా ఎంత తగ్గిందో చూడండి. రాయి కింద కాళ్ళు పెట్టకండి!

మీ ఇంట్లోనో పక్కింట్లోనో బండి నడిపే మామయ్య ఉంటే, "క్లచ్ బరువుగా ఉందా?" అని అడగండి. ఉందంటే, రైలు గేటు దగ్గర ఆగినప్పుడు క్లచ్ తొక్కిపట్టకుండా న్యూట్రల్‌లో పెట్టమనండి. దారిలో పెడల్ మీద కాలు ఆనించి ఉంచవద్దనండి. తర్వాత షెడ్డుకు వెళ్ళమనండి. కారణం ఏమిటని అడిగితే పడవ తాడు కథ చెప్పండి.