బ్యాంకు బదిలీ ఒక్కటే చాలదు

సంపాదకులకు,

వ్యాపారానికి ఇచ్చిన డబ్బు బ్యాంకు ద్వారా వెళ్తే అప్పుకు అదే సాక్ష్యమని గత సంచిక వ్యాసంలో రాశారు. ఒప్పుకోలేను. డబ్బు చేరిందని ఖాతా చెబుతుంది, ఎందుకు చేరిందో చెప్పదు. బావమరిది షాపుకు పది లక్షలు పంపితే, రేపు అతను ‘అది నీ వాటా, నష్టపోయాం’ అనొచ్చు. అప్పేనని నిరూపించే భారం ఇచ్చినవాళ్లదే. లాభంలో భాగం తీసుకున్నంత మాత్రాన భాగస్వామి కారని 1932 భాగస్వామ్య చట్టం 6వ సెక్షన్ అంటుంది, నిజమే. కానీ అసలు ఒప్పందమేమిటో తేలాలంటే కాగితం కావాలి. ప్రామిసరీ నోటు రాయించుకోమని వ్యాసంలో ఒక్క ముక్కైనా లేదు!

గడువు సంగతీ వదిలేశారు. తిరిగిచ్చే తేదీ అనుకోని చేబదులుకు, ఇచ్చిన రోజు నుంచి మూడేళ్లలోపే దావా వేయాలి. బంధువని మొహమాటపడేవాళ్లు నష్టపోయేది ఇక్కడే. ఆలోపు బాకీ ఒప్పుకుంటూ సంతకంతో రాయించుకుంటే గడువు మళ్లీ మొదలవుతుంది. దయచేసి ఈ రెండు విషయాలూ వచ్చే సంచికలో ప్రచురించండి.

— ఒక పాఠకురాలు, తెనాలి