కొడుకును చంపినవారిని క్షమించిన తల్లి

హత్యల కథలు టెలివిజనులో వచ్చుచున్నవనిన మా సోదరీమణులలో పలువురు మొగము చిట్లింతురని మేమెరుగుదుము. మేమును అట్టివారమే. చంపినవాడెవడో కనిపెట్టుటతో కథ ముగియును. చచ్చినవాని తల్లి ఒక మూల ఏడ్చుచు ఒక్కసారి కానవచ్చును. ఆ మీద ఆమె ఏమైనదో ఎవ్వరును చెప్పరు. అట్టి తల్లిని మరువని నాటకము నొకదానిని 2020 జులైలో ఇంగ్లండు దేశపు బి.బి.సి. వారు ప్రసారము చేసిరి. దాని పేరు ‘ఆంథొనీ’. దానిని చూచినది మొదలు మా మనస్సు నిలుకడగా లేదు.

జరిగిన సంగతి ఇది. లివర్‌పూలు నగరమునకు చేరువనున్న హైటనులో ఆంథొనీ వాకర్ అను పదునెనిమిదేండ్ల నల్లజాతి కుర్రవాడుండెను. చదువునందు శ్రద్ధ గలవాడు. న్యాయవాది కావలెనని అతని కోరిక. 2005 జులై నెలాఖరున నొక రాత్రి తన స్నేహితురాలిని బస్సెక్కించుటకై, బంధువైన మరియొక కుర్రవానిని తోడు తీసికొని వెళ్లెను. ఆ పిల్ల తెల్లజాతిది. అచ్చట నొకడు జాతి పేరెత్తి నోటికి వచ్చినట్లు తిట్టగా, ఈ ముగ్గురును మారుమాట లేక వేరొక చోట బస్సెక్కుదమని బయలుదేరిరి. తిట్టినవాడును, వాని తోడివాడును ముందుగా పోయి దారిలోని తోటలో పొంచియుండిరి. మంచుకొండలెక్కువారు వాడెడు గొడ్డలితో వారిలో నొకడు ఆంథొనీ తలపై కొట్టెను. కొన్ని గంటలకే ఆసుపత్రిలో అతని ప్రాణము పోయెను.

ఇట్టిదానిని ద్వేషనేరమందురు. చంపినవానికిని చచ్చినవానికిని ముందు పరిచయమే లేదు, పగయు లేదు. మేని రంగే కారణము. ఇది మనకు దూరపు మాట కాదు. 2017 ఫిబ్రవరిలో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రమున, హైదరాబాదునుండి వెళ్లిన ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్ ఇట్లే ఒక అపరిచితుని తుపాకికి బలియైనపుడు, బిడ్డలను పైదేశములకు పంపిన తెలుగు తల్లులెందరికో నిద్ర పట్టలేదు.

హైటను హంతకులకు అదే యేడు డిసెంబరులో న్యాయస్థానము యావజ్జీవ శిక్ష వేసెను. ఒకడు ఇరువది మూడేండ్ల ఎనిమిది నెలలును, చిన్నవాడు పదునేడేండ్ల ఎనిమిది నెలలును గడువక విడుదల మాట ఎత్తరాదని తీర్పు. ఆ దినములందే తల్లి జీ వాకర్, తాను వారిని క్షమించితినని లోకమునకు చెప్పెను. ఆమె దైవభక్తి గల క్రైస్తవురాలు. ఏడు డెబ్బదిమార్లు క్షమింపుమని తన ప్రభువు చెప్పిన మాటను పట్టుకొనెను. బిడ్డను మ్రింగినది ద్వేషమే కదా, దానికి తాను కూడ చోటీయనేల అని ఆమె భావము.

దీనిని వినగానే మాకు భాగవతములోని ద్రౌపది తలపునకు వచ్చినది. నిదురించు పసివారి నైదుగురను చంపిన అశ్వత్థామను అర్జునుడు కట్టి తెచ్చి ఎదుట పడవేయగా, నావలె వీని తల్లియు ఏడ్వనేల, విడువుమని ఆమె యనలేదా? అయినను అర్జునుడు వానిని ఊరక విడువలేదు. తల గొరిగి, శిరోమణి తీసికొని వెడలగొట్టెను. ద్రౌపది క్షమ ద్రౌపదిది, శిక్ష శిక్షయే. హైటను తల్లి క్షమించినంత మాత్రమున ఆ దేశపు న్యాయాధికారియు ఒక్క దినమైనను తగ్గింపలేదు, తగ్గింపుమని ఆమెయు అడుగలేదు.

నాటకము వ్రాసినది లివర్‌పూలు వాడేయైన జిమ్మీ మక్‌గవర్న్. ఆతడు చేసినది వింతగానున్నది. ఆంథొనీ బ్రదికియుండిన ఏమగునో కల్పించి, ఇరువదియైదేండ్ల వయస్సునుండి వెనుకకు నడిపించెను. న్యాయవాదియగుట, పెండ్లియాడుట, కూతుని నెత్తుకొనుట, అన్నియు ముందు చూచెదము. ఒక్కొక్క యేడే వెనుకకు జరిగి తుదకు ఆ రాత్రి వచ్చును. అప్పటికి ఆ పెండ్లియు ఆ బిడ్డయు ఎన్నడును జరుగనివే యని మనకు తట్టి గుండె జారును. ఆ తల్లి పోగొట్టుకొన్నదెంతయో మాకప్పుడు తెలిసినది. క్షమించితినని ఆమె అనిన మాటను అంతకుముందు మేము తేలికగా వినియుంటిమి. తల్లి వేషము ధరించిన రాకీ అయోలాకు 2021 లో బాఫ్టా బహుమానము వచ్చినది. కంటనీరు ఎక్కువగా కార్చకయే ఆమె ఆ పాత్రను నడపినది.

ఒక్క సంగతి మాత్రము మేము గట్టిగా చెప్పదలచినాము. ఇట్టి తల్లిని చూపి, తక్కినవారును అట్లే క్షమింపవలెనని ఎవ్వరును అనరాదు. మన యిండ్లలో క్షమ తరచుగా స్త్రీలనుండి రాబట్టు పన్నువంటిది. కొట్టిన మగనిని, మోసపుచ్చిన మరదిని, ‘పోనీలే అమ్మా, భూదేవివలె ఓర్చుకో’ అని నలుగురును చేరి క్షమింపజేయుదురు. అది ఆమె ఇచ్చినది కాదు, వారు లాగుకొన్నది. జీ వాకర్‌ను ఎవ్వరును అడుగలేదు.

లండనులో 1993 లో ఇట్లే బస్సు కొరకు వేచియున్న స్టీఫెన్ లారెన్సు అను నల్లజాతి యువకుని పొడిచి చంపిరి. అచ్చట రక్షకభటులు సరిగా విచారింపనందున ఇద్దరికి శిక్షపడుటకు 2012 దాక పట్టెను. తండ్రి నెవిల్ తాను క్షమించితినని 2018 లో చెప్పెను. తల్లి డోరీను మాత్రము, చేసినది ఒప్పుకొని పశ్చాత్తాపపడినవారినే క్షమింపగలమనియు, వీరట్లు చేయలేదనియు చెప్పెను. ఒకే బిడ్డ, ఒకే గాయము. ఆమెను తప్పుపట్టుటకు మాకు నోరాడలేదు. ఆమె పట్టు విడువక పోరాడినందుననే ఆ దేశమున 1999 నాటి విచారణ నివేదిక వెలువడినది, రక్షకభటశాఖలోని జాతివివక్ష బయటపడినది.

నాటకము తొంబది నిమిషములు. లివర్‌పూలు యాస మొదట చెవికి కొంచెము ఇబ్బందిగానుండును, కాసేపటికి అలవాటగును. పసిపిల్లలు నిద్రించిన పిమ్మట, ఎదిగిన కొడుకులను పక్కన కూర్చుండబెట్టుకొని చూడుడు.