ఓట్స్ రుచించకపోతే తప్పు మీ నాలుకది కాదు

మధుమేహం వచ్చిందన్నా, కొలెస్టరాల్ పెరిగిందన్నా, బరువు తగ్గాలన్నా నేడు అందరి నోటా వినిపించే సలహా ఒక్కటే: "ఓట్స్ తినండి." తనకల్లు వంటి మెట్టప్రాంతపు ఊళ్లలోనూ ఆ సలహా విన్నవారు పొట్లం కొని ఇంటికి తెచ్చుకుంటున్నారు. పాలలోనో నీళ్లలోనో ఉడికించి జావ కాస్తారు. నాలుగు రోజులు బలవంతంగా మింగుతారు. అయిదవనాడు పొట్లం అటక ఎక్కుతుంది. "నాకు అవి పడవు సార్" అన్న మాట నా ఉద్యోగకాలంలోనూ, విశ్రాంతి తీసుకున్న తరువాతా చాలామంది నోట విన్నాను. దీనిని రోగి మొండితనంగా భావించడం సరికాదని నా అభిప్రాయం. ఎలా వండుకోవాలో చెప్పని ఆహార సలహా సగం సలహా మాత్రమే. తినలేని పథ్యం ఎంత గొప్పదైనా ఒంటికి పట్టదు.

ఓట్స్‌లో ఉన్న గుణమేమిటి?

ఓట్స్‌లో బీటా గ్లూకాన్ అనే కరిగే పీచు ఉంటుంది. ఇది పేగులలో నీటిని పీల్చుకొని జిగురుగా మారి, పైత్యరసంలోని ఆమ్లాలను తనతో పాటు బయటకు తీసుకుపోతుంది. ఆ లోటును భర్తీ చేయడానికి కాలేయం రక్తంలోని కొలెస్టరాల్‌ను వాడుకుంటుంది. ఫలితంగా చెడు కొలెస్టరాల్ కొంత తగ్గుతుంది. ఇందుకు రోజుకు సుమారు 3 గ్రాముల బీటా గ్లూకాన్ కావాలి. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 1997లో ఓట్స్ పొట్లాల మీద గుండె ఆరోగ్యానికి సంబంధించిన ప్రకటనను అనుమతించినప్పుడు ఆధారంగా తీసుకున్నది ఈ పరిమాణమే. 3 గ్రాములు అందాలంటే దాదాపు 75 గ్రాముల పొడి ఓట్స్ తినాలి. వారానికి ఒకనాడు రెండు చెంచాలు తిని ఫలితం కోసం ఎదురుచూడడం వృథా. నిత్యం తినాలంటే రుచి ఉండి తీరాలి.

తీపి జావ మన దారి కాదు

ఓట్స్ చలిదేశాల పంట. ఇంగ్లాండులో గుర్రాల దాణాగా చూసిన ఈ గింజను స్కాట్లాండు ప్రజలు ముఖ్యాహారం చేసుకున్నారు. వారి సంప్రదాయపు జావలో వేసేది నీరు, ఉప్పు, పంచదార కాదు. మన ఉలవలనూ ఆంగ్లేయులు గుర్రపు గింజలనే పిలిచారు. మనమో వాటితో చారు కాచుకున్నాం, గుగ్గిళ్లు చేసుకున్నాం. గింజ ఏదైనా దానికి రుచి తెచ్చేది వండేవారి చేయి. కారం, పులుపు, తాలింపు ఎరిగిన రాయలసీమ నాలుకకు చప్పని పాలజావ రుచించకపోవడంలో వింత లేదు.

కనుక మన వంటింటి పద్ధతులలోకి ఓట్స్‌ను తెచ్చుకుందాం.

ఉగ్గాని పద్ధతి: అటుకుల్లా ఉండే ఓట్స్‌ను సన్నని సెగ మీద నాలుగైదు నిమిషాలు వేయించండి. కప్పు ఓట్స్‌కు పావుకప్పు నీళ్లు మాత్రమే చిలకరించి పక్కన పెట్టండి. బొరుగుల్లా నానబెడితే ముద్దయిపోతాయి. ఆవాలు, కరివేపాకు, పచ్చిమిర్చి, ఉల్లిపాయ, టమాటా, పసుపుతో తాలింపు వేసి, ఓట్స్ కలిపి, రెండు నిమిషాలు మూత పెట్టండి. దించాక పుట్నాల పొడి చల్లి నిమ్మకాయ పిండండి. పక్కన మిరపకాయ బజ్జీ మాత్రం వద్దు.

మజ్జిగ అంబలి: మూడు చెంచాల ఓట్స్‌ను రెండు గ్లాసుల నీటిలో పలుచగా కాచి చల్లార్చండి. పుల్లని మజ్జిగ, చిన్న ఉల్లిపాయలు, జీలకర్ర, కొత్తిమీర కలపండి. వేసవిలో ఇది రాగి అంబలికి తోబుట్టువు.

మిరియాల పొంగలి: పెసరపప్పు, ఓట్స్ సమపాళ్లలో తీసుకోండి. పప్పు మెత్తబడ్డాకే ఓట్స్ వేయాలి. మిరియాలు, అల్లం, జీలకర్ర, ఒక చెంచా నెయ్యి చాలు.

దోసె: పిండి రుబ్బేటప్పుడు బియ్యంలో సగానికి బదులు ఓట్స్ పొడి కలపండి. చెనక్కాయల ఊరుబిండితో తింటే తేడా తెలియదు.

ముక్క నోటికి తగలడమే గిట్టనివారు ఓట్స్ పొడిని ఆకుకూర పప్పులోనో ఉలవచారులోనో చిక్కదనానికి వేసుకోవచ్చు.

మసాలా పొట్లాల సంగతి

రుచి కోసం చాలామంది నిమిషాలలో తయారయ్యే మసాలా ఓట్స్ కొంటున్నారు. కొనే ముందు పొట్లం వెనుక సోడియం ఎంత ఉందో చదవండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దలకు రోజు మొత్తానికి సోడియం 2000 మిల్లీగ్రాములు, అంటే 5 గ్రాముల ఉప్పు దాటకూడదు. రక్తపోటు ఉన్నవారు గుండె కోసం తెచ్చిన పొట్లం నుంచే ఉప్పును అధికంగా పొందడం విచారకరం. పైగా బాగా పలుచగా నలిపిన ఓట్స్ త్వరగా అరిగి రక్తంలో చక్కెరను త్వరగా పెంచుతాయి. మందంగా ఉన్న ఓట్స్, లేదా ముక్కలుగా కోసిన నూక ఓట్స్ మేలు.

అసలు ఓట్సే కావాలా?

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురం సీమలో కొర్ర, సామ, అరిక, రాగి, సజ్జ, జొన్న మన పూర్వులను నిలబెట్టాయి. వేరుశనగ విస్తరించి చేలలో వాటి చోటు తగ్గించింది. 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం పేదల ఆకలి తీర్చింది. పళ్లెంలో సంగటిముద్దను చిన్నది చేసింది. చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో తింబక్టు కలెక్టివ్ వంటి సంస్థలు రైతులతో కలిసి చిరుధాన్యాలను తిరిగి చేలలోకి తెచ్చాయి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది.

అయితే నిజం నిజంగా చెప్పాలి. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. తెల్లబియ్యంలో 10 మిల్లీగ్రాములకు అటూ ఇటూ. ఎముకలకు రాగికి సాటి ఓట్స్ కావు. కొలెస్టరాల్ తగ్గించే బీటా గ్లూకాన్ మాత్రం ఓట్స్‌లోనూ బార్లీలోనూ ఉన్నంతగా చిరుధాన్యాలలో లేదు. కాబట్టి ఇది పోటీ కాదు. కొలెస్టరాల్ సమస్య ఉండి, కొనే స్తోమత ఉన్నవారు ఉదయం ఓట్స్ ఉగ్గాని, మధ్యాహ్నం కొర్రన్నం తినవచ్చు. స్తోమత లేనివారు ఓట్స్ లేవని దిగులు పడనవసరం లేదు. సంగటి, ఉలవలు, ఆకుకూరలు, తక్కువ నూనె, రోజూ నడక వారిని కాపాడగలవు.

కొన్ని జాగ్రత్తలు

ఓట్స్ అన్నానికి అదనం కాదు, అన్నానికి బదులు. మధుమేహులు ఒక పూటకు 40 గ్రాములు కొలుచుకొని మొదలుపెట్టి, తిన్న రెండు గంటలకు చక్కెర చూసుకొని పెంచుకోవాలి. పీచును క్రమంగా పెంచి నీళ్లు ఎక్కువ తాగకపోతే కడుపు ఉబ్బుతుంది. థైరాయిడ్ మాత్ర వేసుకున్న వెంటనే తినకుండా కనీసం అరగంట, వీలైతే గంట ఆగండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు తమ వైద్యుని అడగాలి. ఓట్స్ మొదలుపెట్టామని కొలెస్టరాల్ మాత్రలను సొంతంగా మానడం ప్రమాదకరం.

నా తోటి వైద్యులకూ ఒక మనవి. మందుల చీటీ మీద "ఓట్స్" అని రాసేముందు, ఎదుట కూర్చున్న మనిషి ఇంట్లో రోజూ ఏం వండుతారో అడగండి. ఆ వంటలో ఇమిడే సలహానే నెలల తరబడి నిలుస్తుంది.