ద్యూతసభలో దోషి ఎవరు?

ద్యూతము మహావ్యసనమనుటలో వివాదము లేదు. ఋగ్వేదములోని అక్షసూక్తము మొదలుకొని మహాభారతములోని సభాపర్వము వరకు మన వాఙ్మయము దాని వినాశశక్తిని చాటుతూనే ఉన్నది. కావున ఒక రాజ్యము జూదమును నిషేధించినదని విన్నపుడు ధర్మాభిమానులు హర్షించుట సహజము. 2024 జూలై 22న ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు మార్కోస్, పరదేశస్థుల కొరకు తమ దేశములో నడుస్తున్న ఆన్‌లైన్ జూద సంస్థలన్నింటిని నిషేధిస్తున్నట్లు ప్రకటించాడు. వాటిలోని విదేశీ ఉద్యోగులు అక్టోబరు 15లోగా తమ వర్క్ వీసాలను సందర్శక వీసాలుగా మార్చుకొని, సంవత్సరాంతములోగా దేశము విడువవలెనని ఆదేశము వెలువడినది. నిషేధము యుక్తమే. కాని ఉద్యోగి అనుమతిని రద్దు చేసినంతనే రాజ్యము ద్యూతదోషమునుండి విముక్తమైనదని భావించుట ధర్మదృష్టికి నిలువదు.

ఈ బహిష్కారమును సమర్థించువారు మనుస్మృతిని ఉదాహరిస్తారు. జూదరులను పురమునుండి వెడలగొట్టవలెనని నవమాధ్యాయము విధించిన మాట నిజము. అయితే ఆ సందర్భములోనే మనువు, జూదమాడువానితో పాటు ఆడించువానిని కూడ రాజు దండింపవలెనని స్పష్టముగా చెప్పినాడు. ఆడించువాడెవడు? మొదటివాడు సభికుడు, అనగా ద్యూతగృహమును నడిపి లాభము పొందువాడు. రెండవవాని పేరు చెప్పుటకే మనము సంకోచిస్తున్నాము. వాడు ఆ లాభములో భాగము గ్రహించిన రాజు.

కౌటిల్యుడు జూదమును నిషేధింపలేదు. ద్యూతాధ్యక్షుని నియమించి, గెలిచిన ధనములో నూటికి ఐదు చొప్పున గ్రహింపుమన్నాడు. ఫిలిప్పీన్స్ ప్రభుత్వ సంస్థ ప్యాగ్‌కోర్ 2016 నుండి ఈ సంస్థలకు లైసెన్సులిచ్చి రుసుములు వసూలు చేసినది ఈ మార్గములోనే. ఎనిమిదేండ్లు కౌటిల్యుని అనుసరించి ధనము కూర్చుకొని, పిదప ఒక్క దినములో మనువును ఆశ్రయించుట ప్రభువులకు సులభము. అదే ప్రభుత్వము ఇచ్చిన అనుమతితో పనిచేసిన గుమాస్తాకు మాత్రము పెట్టె సర్దుకొను గడువు తప్ప వేరేమియు మిగులలేదు.

"తెలిసి పాపవృత్తిలో చేరినవాడు ఫలమనుభవింపవలదా?" అని ప్రశ్నింతురు. తెలిసి చేరినవాడు తప్పక అనుభవింపవలెను. కాని అందరును తెలిసి చేరినారా? 2024 మార్చిలో బంబాన్ పట్టణములోని అట్టి ప్రాంగణముపై అధికారులు దాడి చేసినపుడు వందలాది మంది బయటపడినారు. వారిలో నిర్బంధముగా పనిచేయింపబడినవారును ఉన్నారు. ఆన్‌లైన్ జూదమునకు, సైబరు మోసమునకు నడుమ గోడ అక్కడ ఎన్నడో కూలినది. ఇది మనకు దూరపు కథ కాదు. కంబోడియాకు డేటా ఎంట్రీ ఉద్యోగములని నమ్మించి మన యువకులను తరలించి, సైబరు మోసములు చేయించిన వైనమును అదే సంవత్సరము మే నెలలో విశాఖపట్టణ పోలీసులు వెల్లడించినారు. అట్టివానిని అనుమతి లేనివాడని ముద్రవేసి వెడలగొట్టుట దండనీతి కాదు, బాధితుని పునర్దండించుట.

కురుసభను స్మరింపుడు. ద్రౌపదిని తోడి తెమ్మని దుర్యోధనుడు ప్రాతికామిని పంపినాడు. ప్రాతికామి సేవకుడు, పాచికలు వేసినవాడు కాడు, పణము గెలిచినవాడు కాడు. ద్రౌపది అతనిని శపింపలేదు. రాజు మొదట తన్నోడెనా, నన్నోడెనా అను ప్రశ్ననిచ్చి, సభకే తిప్పి పంపినది. మరల ఆజ్ఞ వచ్చినపుడు ఆ సేవకుడు సంశయించినాడు. సంశయింపక లేచినవాడు రాజసోదరుడు దుశ్శాసనుడు. దోషమును వెదుకవలసిన స్థానమేదో ద్రౌపదికి తెలిసినది. అది ద్వారము కాదు, సింహాసనము.

కావున ద్యూతనిషేధము చేయు రాజ్యము అనుమతి రద్దుకు ముందు మూడు పనులు చేయవలెను. ప్రతి ఉద్యోగి ఎట్లు వచ్చినాడో, స్వేచ్ఛతోనా, వంచనతోనా, విచారింపవలెను. వాని పాస్‌పోర్టును, బకాయి వేతనమును, స్వదేశమునకు మార్గవ్యయమును సభికునిచే ఇప్పింపవలెను. తాను గ్రహించిన రాజభాగమును నష్టపోయినవారి రక్షణకు వినియోగింపవలెను. చేసినవాడు, చేయించినవాడు, అనుమోదించినవాడు ముగ్గురును కర్మఫలమునకు భాగస్వాములని మన సంప్రదాయము బోధిస్తున్నది. అందులో అత్యల్పుని మాత్రమే పొలిమేర దాటించి, తక్కిన ఇరువురు చేతులు కడుగుకొనుట ధర్మపాలన కాదు. అది పాచికలు లేని మరొక జూదము.