‘పారాబెన్ ఫ్రీ’ తాయెత్తు

షాంపూ సీసా మీద ‘పారాబెన్ ఫ్రీ’ అని ఆకుపచ్చ అక్షరాలు కనిపిస్తే చాలు, చర్మానికి ఇక భయం లేదని నమ్మేస్తున్నాం. తాయెత్తు కట్టుకుంటే దయ్యం రాదనుకోవడం లాంటిదే ఇది. నీళ్లు కలిసిన ఏ క్రీములోనైనా బ్యాక్టీరియా, బూజు పెరుగుతాయి. వాటిని అడ్డుకునేది ఏదో ఒకటి వేయక తప్పదు. ఆ పని చేసే ప్రిజర్వేటివ్‌లలో ఒకటైన పారాబెన్ తీసేశారంటే సాధారణంగా ఆ చోట ఇంకోటి చేరినట్టే. అదేమిటో సీసా ముందువైపు చెప్పరు.

2004లో బ్రిటన్ పరిశోధకులు 20 రొమ్ము కణితుల్లో పారాబెన్ల ఆనవాళ్లు చూశారు. ఆరోగ్యవంతమైన కణజాలంతో పోల్చి చూడలేదు, క్యాన్సర్‌కు అవే కారణమని తేల్చనూ లేదు. అయినా భయం పాకింది. మరుసటి ఏడాదే ఐరోపా సమాఖ్య మిథైల్‌ఐసోథయజోలినోన్ అనే మరో ప్రిజర్వేటివ్‌ను విడిగా 100 పీపీఎం దాకా అనుమతించింది. పారాబెన్లను వదిలించుకోవాలనుకున్న కంపెనీలకు అది అందివచ్చింది. అంతకుముందు కూడా అది సౌందర్య సాధనాల్లో ఉండేది, కానీ ఒక మిశ్రమంలో పావు వంతుగా. మిశ్రమం మొత్తానికీ పరిమితి 15 పీపీఎం కనుక దీని వాటా నాలుగు పీపీఎం కూడా ఉండేది కాదు. అంటే మోతాదు 25 రెట్లకు పైగా పెరిగింది. కొన్నేళ్లకే చేతుల మీద, ముఖం మీద, వెట్ వైప్స్‌తో తుడిచిన చోటల్లా దురద, ఎర్రటి దద్దుర్లు. 2013లో అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ మిథైల్‌ఐసోథయజోలినోన్‌నే ‘ఈ ఏటి అలర్జీ కారకం’గా ప్రకటించింది. 2017లో ఐరోపా పూసి వదిలేసే ఉత్పత్తుల్లో దీన్ని నిషేధించింది. పెనం మీంచి పొయ్యిలో పడ్డామన్నమాట. అదే సొసైటీ 2019లో పారాబెన్లను ‘అలర్జీ కారకం కానిది’గా ఎంచి మరీ చూపింది.

పారాబెన్లు ఈస్ట్రోజెన్ హార్మోన్‌లా పనిచేస్తాయి కదా అంటారు. ప్రయోగశాలలో కొన్నిటికి ఆ గుణం బలహీనంగా కనిపించిన మాట నిజమే. అందుకే 2014లో ఐరోపా ఐదు పారాబెన్లను నిషేధించి, ప్రొపైల్, బ్యూటైల్ రకాల మోతాదు తగ్గించి, మిథైల్, ఇథైల్ రకాలను కొనసాగనిచ్చింది. వాసి, రాశి చూసి తేల్చడమంటే అది; కులం పేరు చెప్పి అందరినీ వెలివేయడం కాదు. అసలు ప్రిజర్వేటివే వద్దు, ప్రకృతి సిద్ధమైనవే వాడతామంటారా? గాలి తగిలి ఆక్సీకరణం చెందిన టీ ట్రీ నూనె కూడా అలర్జీ తెస్తుంది. పైగా ఏ రక్షణా లేని తడి క్రీము సూక్ష్మజీవులకు పెట్టిన విందు.

అలర్జీ ఒకసారి పట్టుకుంటే సాధారణంగా జీవితాంతం వదలదు. అనుమానం ఉన్నవారికి వీపు మీద అట్టలు అంటించి రెండు రోజులుంచే ప్యాచ్ టెస్టులో తేలేది ఒక పదార్థం పేరు. ఆ పేరును వెతుక్కోవాల్సింది సీసా వెనక చిన్న అక్షరాల్లో. ముందున్న ఆకుపచ్చ తాయెత్తు ఆ పేరు చెప్పదు.