నడవడానికి మస్కట్ ఎందుకు?

ఈ మధ్య మా చుట్టాల్లో నలుగురు ఎక్కడ కలిసినా ఒకటే ముచ్చట. మా పెద్ద వదిన ఒమన్ దేశంలో కొండలు, ఎడారి నడిచే ఒక గుంపుతో పోతానంటున్నది. పన్నెండు మంది ఉంటారట. దారి చూపించే మనిషి ముందు నడుస్తాడు, గుడారాలూ వంటసామానూ బండ్లో వెళ్తాయి, రోజుకు ఐదారు గంటల నడక. ఎనిమిది రోజుల్లో ఆరు రోజులు కొండలు, చివరి రెండు రోజులు ఇసుక. వదినకు యాభై రెండేళ్లు. పిల్లలిద్దరి పెళ్లిళ్లు అయిపోయాయి. చిట్టీ ఎత్తిన పైసలు చేతిలో ఉన్నాయి. హైదరాబాదులో ఉద్యోగం చేసే బిడ్డ మాటల్లో ఈ సంగతి చెప్పిందట. అంతే, పట్టుకున్నది.

"నడుసుడుకు మస్కట్ దాక ఎందుకే? మానేరు డ్యాం కట్ట లేదా?" అన్నది మా మేనత్త. అందరూ నవ్వారు. మాట బాగుంది కాబట్టి నేనూ నవ్వాను. కానీ ఆ ప్రశ్న వెనక ఉన్నది మాత్రం నాకు నచ్చలేదు.

మన దిక్కు మస్కట్ అంటే ఊరి పేరు ఒక్కటే కాదు. "మస్కట్ పోయిండు" అంటే బతకపోయిండని అర్థం. పోయింది దోహాకు కావచ్చు, రియాద్‌కు కావచ్చు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ దిక్కు ముసలివాళ్లకు అన్నీ మస్కట్, దుబాయిలే. మా అన్న మాత్రం నిజంగానే ఒమన్‌లో పదహారేళ్లు సెంట్రింగ్ పని చేశాడు. ఏజెంటుకు కట్టడానికి మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చుకొని పోయాడు. రెండేళ్లకోసారి రెండు నెలలు వచ్చేవాడు. నిడో పాలపొడి డబ్బా, అత్తరు, పిల్లలకు చాక్లెట్లు. ఆ పెట్టె విప్పిన రోజు చుట్టాలమంతా ఇంటి నిండా ఉండేవాళ్లం. మళ్లీ పెట్టె కట్టుకునే రోజు వదిన, పిల్లలు, మా అవ్వ మాత్రమే ఉండేవాళ్లు.

ఇప్పుడు అన్నకు కోపం. "ఆ ఎండల నా పెయ్యి కాలింది. పైసలు పెట్టి దాన్ని సూడవోతవా?" అన్నాడు.

మేనత్త మాటకు జవాబు చెప్పొచ్చు. ఈ మాటకు అంత తేలిగ్గా చెప్పలేం. ఒమన్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర వరకు ఆరుబయట పని చేయించొద్దని నియమం ఉంది. ఒక దేశం అట్లాంటి నియమం పెట్టుకున్నదంటే ఆ ఎండ ఎంతటిదో అర్థం చేసుకోవచ్చు. నడక గుంపులు పోయేదేమో అక్టోబరు నుంచి మార్చి దాకా, అక్కడ హాయిగా ఉండే కాలంలో. కూలీకి ఆ సౌకర్యం లేదు, అతను పన్నెండు నెలలూ ఉండాలి. "సలికాలం పోయి ఫోటోలు దిగి వస్తరు" అని అన్న అన్నప్పుడు అందులో తప్పేమీ కనపడలేదు నాకు.

అయితే ఆ పదహారేళ్లు అన్న ఒక్కడివే కావు కదా. రూవి, నిజ్వా, సోహార్ అనే పేర్లు ఆమెకు మన మంథని, ధర్మపురి అంత పరిచయం. మొదట్లో ఉత్తరాలు, తర్వాత మాటలు నింపి పంపిన క్యాసెట్లు, ఆ తర్వాత ఫోన్లు. "ఆడ కొండలుంటయా?" అని అడిగితే "రాళ్లుంటయి" అని ఒక్క ముక్క చెప్పేవాడట. తన సంసారంలో అన్ని రోజులు ఏ నేల మీద ఖర్చయ్యాయో ఆ నేలను ఒకసారి చూడాలని ఒక మనిషికి ఉండదా? ఇది నేను అంటున్న మాట. వదిన ఇంత మాట అనలేదు. ఆమె అన్నదల్లా "నడువబుద్ధి అయితుంది" అని. నిజం చెప్పాలంటే నా మాటకన్నా ఆమె మాటే నాకు ఎక్కువ నచ్చింది.

ఎందుకంటే మన ఇళ్లలో ఆడమనిషి దూరం పోవడానికి మూడే కారణాలు చెల్లుతాయి. దేవుడు, పురుడు, జీతం. కోడలి పురుడుకు ఆరు నెలలు అమెరికా పోయి, మంచులో గడప దాటకుండా వంటచేసి వచ్చిన అక్కలను మనం "అదృష్టవంతురాలు" అంటాం. పాస్‌పోర్టు విచారణకు వచ్చిన పోలీసాయన కూడా వదినను చూడగానే "కొడుకు దగ్గరికా అమ్మా?" అన్నాడట. పాపం ఆయన తప్పేమీ లేదు, రోజూ చూసేది అదే.

ఇక దేవుడి సంగతి. ఇదే మేనత్త అరవై రెండో ఏట చార్‌ధామ్ యాత్ర చేసి వచ్చింది. గౌరీకుండ్ నుంచి కేదార్‌నాథ్‌కు 16 కిలోమీటర్ల ఎక్కుడు. గుర్రం భయమని సగం దారి నడిచే ఎక్కింది. కేదార్‌నాథ్ ఎత్తు 3,583 మీటర్లు. ఒమన్‌లో అన్నిటికన్నా ఎత్తైన కొండ జెబెల్ షమ్స్, అది మూడు వేల మీటర్లకు అటూ ఇటూ. వదిన గుంపు దాని శిఖరం దాకా పోయేది కూడా లేదు. అంటే మేనత్త ఎక్కినదానికంటే వదిన ఎక్కబోయేది తక్కువే. కేదార్‌నాథ్ పోతానంటే "మోకాళ్లు జాగ్రత్త" అన్నాం తప్ప "ఎందుకు?" అని ఒక్కరమూ అనలేదు. ఆరోగ్యం, ఖర్చు, భద్రత అని ఎన్ని చెప్పినా, అడ్డం వస్తున్నది అవేవీ కావు. ఇష్టమై పోతానన్నదే అడ్డం. మొక్కు అని ఒక్క మాట అబద్ధమాడితే ఈపాటికి అందరూ కలిసి చందా వేసేవాళ్లు.

భక్తి తక్కువని కాదు నేననేది. ఆదిలాబాద్ దిక్కున్న వాళ్లకు తెలుసు, కేస్లాపూర్ నాగోబా జాతరకు ముందు మెస్రం వంశస్తులు గోదావరి నీళ్ల కోసం హస్తినమడుగు దాకా కాలినడకన పోయి ఝరీలో నీళ్లు తెస్తారు. ఏ రాత్రి ఏ ఊళ్లో ఆగాలో, ఇంద్రవెల్లిలో ఎప్పుడు పూజ చేయాలో, మర్రిచెట్ల కింద ఎన్నాళ్లుండాలో అన్నీ పద్ధతి ప్రకారం. పుష్య అమావాస్య నాటికి చేరాలి. కొత్త కోడళ్లు తెల్లచీరల్లో భేటింగ్‌కు కూర్చుంటారు. పెద్దవాళ్లు దారి చూపిస్తే గుంపుగా నడవడమనేది మన దగ్గర లేని విద్య కాదు. కొండగట్టుకు మాలవేసుకొని నడిచేవాళ్లు మాత్రం ఒంటరిగా నడుస్తారా?

ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఇంకో దిక్కు నుంచి ఇంకో రకం మాట వస్తున్నది. ఇది మా చిన్నదాని వయసు పిల్లల మాట. "గైడు పెట్టుకొని, గుంపులో పోతే అది ట్రెక్కింగేంటి పెద్దమ్మా, సోలో పోవాలి" అన్నది వదినతో మా పిల్ల. ఇంటర్నెట్‌లో అట్లా పోయినవాళ్లే వీళ్లకు కనపడుతారు. నాకైతే గుంపులో పోవడం తక్కువ అనిపించదు. మేము బి.ఏ.లో చదువుకున్న కాశీయాత్ర చరిత్ర రాసిన ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి, మన నిర్మల్, ఆదిలాబాద్ మీదుగానే నాగపూర్ దారి పట్టి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. వెంట వందమంది దాకా ఉన్నారు. ఎక్కడ నీళ్లు దొరుకుతాయి, ఏ ఊళ్లో ఏం దొరుకుతుంది, దారి ఎట్లా ఉంది అన్నీ రాసుకుంటూ పోయాడు. గుంపుతో పోయాడని ఆ యాత్రను ఎవరూ తక్కువ చేయలేదు. మన నిజామాబాద్ బిడ్డ మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కింది. ఆ పిల్ల వెంట కూడా దారి తెలిసినవాళ్లున్నారు.

తెలియని కొండల్లో ముందు తెలియాల్సింది నీళ్ల సంగతి. ఒమన్ కొండల్లో ఫలజ్ అనే కాలువలుంటాయి. కొండ అడుగునున్న నీటిని, ఊటను సన్నని కాలువల్లో ఖర్జూర తోటలకు తెచ్చుకుంటారు. ఎవరి పొలానికి ఎంతసేపు పారాలో పగలు నీడను బట్టి, రాత్రి చుక్కలను బట్టి లెక్క కట్టుకునేవాళ్లు. మన చెరువుల కింద నీరటి చేసిన పనే. అట్లాంటి ఐదు ఫలజ్‌లను 2006లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. వదినకు ఈ సంగతి చదివి వినిపిస్తే, "మీ అన్న పదహారేండ్లుండి ఒక్కనాడు చెప్పకపాయె" అన్నది. ఆయన చూశాడో లేదో! కూలీలను పని దగ్గరికి, క్యాంపుకు తప్ప ఎక్కడికి తీసుకుపోతారు?

వాళ్లు నడిచే దారుల్లో ఒకటి జెబెల్ షమ్స్ మీద అల్ ఖితైమ్ అనే ఊరి నుంచి మొదలవుతుంది. కొండ చరియకు బాల్కనీలాగ పట్టుకొని పోతుంది కాబట్టి బాల్కనీ నడక అంటారు. పక్కనే దాదాపు కిలోమీటరు లోతు లోయ. దారి చాలావరకు సమంగానే ఉంటుంది, పోను నాలుగు కిలోమీటర్లలోపే. చివర బండ కింద, మనుషులు వదిలిపెట్టి వెళ్లిన సాబ్ బనీ ఖమీస్ అనే ఊరు. చెక్కిన మడులు, రాతి గోడలు ఇంకా ఉన్నాయి. అలాంటి చోట కాలు ఎక్కడ పెట్టాలో చెప్పే మనిషి ఉండడం సోకు కాదు. ఆ తర్వాత షర్ఖియా ఇసుకదిబ్బలు, పాత పేరు వహీబా.

ఇవన్నీ పక్కన పెడితే, మన ఆడవాళ్లం అడగాల్సినవి, సిగ్గుపడి అడగకుండా ఊరుకునేవి కొన్ని ఉన్నాయి. వదిన తరఫున నేనే ఫోన్ చేసి అడిగాను. గుంపులో ఆడవాళ్లెందరు? నడిపించేవాళ్లలో ఒక్క ఆడమనిషైనా ఉందా? ఎడారిలో చెట్టు చాటు కూడా ఉండదు, మరి పొద్దున ఎక్కడికి పోవాలి? బయట ఉన్న రోజులు వస్తే వాడినవి ఎక్కడ పడేయాలి? అవతల మాట్లాడిన అబ్బాయి రెండో ప్రశ్నకే తడబడి, ఒక అమ్మాయికి ఫోనిచ్చాడు. ఆమె చక్కగా చెప్పింది. చిన్న గుడారం వేరుగా వేస్తారు, వాడినవి మూటకట్టి వెనక్కి తెచ్చుకోవాలి, ఇసుకలో పూడ్చకూడదు. ఈ ప్రశ్నలకు విసుక్కునే గుంపుతో పోవద్దు, అది ఎంత చవకైనా సరే. దారిలో ఎవరికైనా నడవడం చేతకాకపోతే ఎవరు వెనక్కి తెస్తారు, ఇన్సూరెన్సులో అది ఉన్నదా అన్నదీ రాతపూర్వకంగా తీసుకోవాలి.

రెండు నెలలుగా వదిన పొద్దున్నే డ్యాం కట్ట మీద నడుస్తున్నది (మేనత్త మాట కూడా చెల్లింది). ఆదివారాలు నేనూ పోతున్నా. ఒకసారి రామగిరి ఖిల్లా ఎక్కాం. నిర్మల్‌లో చుట్టాల పెళ్లికి పోయినప్పుడు కుంటాల జలపాతం మెట్లు కొత్త బూట్లతో రెండుసార్లు దిగి ఎక్కింది. ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు మోకాళ్లు పట్టుకుంటున్నాయి. చేతికర్ర ఒకటి కొనిపించాను. తినడానికి సకినాలు పెట్టుకుంటానన్నది. సంచిలో పొడి అయిపోతాయి వదినా, మలీద ముద్దలు చేసుకో, గట్టిగా ఉంటాయి, ఒకటి తింటే రెండు గంటలు ఆకలి కాదు అన్నాను.

అప్పుల్లో ఉన్నవాళ్లను పొమ్మని నేననను. ఇంట్లో మంచాన పడ్డ మనిషి ఉంటే ఆ లెక్క వేరు. కానీ బాధ్యతలు తీరి, పైసలు తనవై, కాళ్లు ఆడుతుండి, పోవాలని ఉన్న మనిషిని "ఎందుకు?" అని పదిమందిలో నిలబెట్టి అడగడం మానుకుందాం. అన్నకు నేను చెప్పిందీ అదే. ఆ గుంపులో మిగిలిన పదకొండు మందీ కొండల దాకా పోయే నున్నటి రోడ్లు చూసి బాగున్నాయంటారు. అవి పోసిందెవరో మా వదినకు అడగకుండానే తెలుసు. ఆమెలాంటి మనిషి ఆ బండ్లో ఒకరుండడం మంచిదే.

అన్న ఏమీ అనలేదు. "ఖల్లివల్లి" అని లేచిపోయాడు. పోనీ అన్నాడో, మీ ఇష్టం ఏడవండి అన్నాడో తెలియదు, ఆయన ఆ మాట రెంటికీ వాడతాడు. పైసలు కట్టడం అయింది, డిసెంబరులో ప్రయాణం. శంషాబాద్ దాకా ఎవరు దిగబెట్టాలన్నది ఇంకా తేలలేదు. అన్న రానంటున్నాడు. బేగంపేట నుంచి, తర్వాత శంషాబాద్ నుంచి ఆయన పోయిన ప్రతిసారీ వదిన వెళ్లి సాగనంపింది. ఈసారి నేను పోతానని మా ఆయనకు ముందే చెప్పిపెట్టాను, ఆ రోజు వంట ఆయనదే.