ఓవర్‌టైమ్ మానుకోకండి
"ఇంక ఓవర్‌టైమ్ చేయనండీ, పరిమితి దాటితే ఈఐటీసీ మొత్తం పోతుందట" అంది, అమెరికాలో గ్యాస్ స్టేషన్‌లో రాత్రి డ్యూటీ చేస్తూ ఇద్దరు పిల్లల్ని ఒంటరిగా పెంచుతున్న తెలుగమ్మాయి. కౌంటర్ మీద పే స్లిప్పులు పరిచి, పెన్సిల్‌తో గంటలు కొట్టేసుకుంటోంది. ప్రాణం ఉసూరుమంది. తక్కువ జీతాల కుటుంబాలకు 1975 నుంచి ఇస్తున్న ఈ పన్ను క్రెడిట్ అలా ఒక్కసారిగా ఆగిపోదు. 2024 లెక్కలో ఆమెలాంటి తల్లికి గరిష్ఠంగా 6,960 డాలర్లు వచ్చేవి. ఆదాయం 22,720 దాటాక పైన సంపాదించే ప్రతి వందకూ సుమారు 21 డాలర్ల చొప్పున తగ్గుతూ, 55,768 దగ్గర సున్నా అయ్యేది. ఒక్క దెబ్బకు పోయేది వేరే చోట: వడ్డీ, డివిడెండ్ల వంటి రాబడి పరిమితి (2024లో 11,600) దాటితే పైసా రాదు. దంపతులు కలిసి రిటర్న్ వేసినప్పుడు ఒకరికి సోషల్ సెక్యూరిటీ నంబరు లేక, దాని బదులు ఇచ్చే పన్ను నంబరు ఐటీఐఎన్ మాత్రమే ఉన్నా అంతే. హెచ్4 (ఉద్యోగి మీద ఆధారపడినవారి) వీసా ఉన్నవారికి తరచూ ఐటీఐఎనే ఉంటుంది కాబట్టి, ఆ ఇళ్లు ఇది ముందే చూసుకోవాలి. నన్ను ఎక్కువగా బాధించేది మాత్రం పిల్లల్లేని కార్మికుడి వాటా. 2024లో గరిష్ఠంగా 632 డాలర్లు. ఒంటరివాడి ఆదాయం 18,591కి చేరితే అదీ లేదు. గోదాములో ఏడాదంతా పెట్టెలు మోసే కుర్రాడికి ఇది అన్యాయం. అమెరికా కాంగ్రెస్ ముందు పెంచాల్సింది ఆ పరిమితినే.